పది నట్లు, ఒక సుద్దముక్క

పెద్దరోడ్డు మలుపు తిరగ్గానే ఎడమచేతి వైపు ఓ రేకుల షెడ్డు ఉంది. దాని పేరు చెడిపోయి పదకొండేళ్ళు. పగలు దాని నీడలో కుక్కలు హాయిగా పడుకుంటాయి... పొద్దు వాలిందా, మనుషులు కూడా రోడ్డు దాటి అవతలి వైపు నుంచే నడుస్తారు.

అందులో ఒకప్పుడు పెద్దమేస్త్రీ అని ఒకాయన బళ్ళు బాగుచేసేవాడు. ఒక సాయంత్రం ఓ కారుకి మూడు చక్రాలు బిగించి, నాలుగోదానికి నట్లు పెట్టి, నడుం నొప్పిగా ఉందని స్టూలు మీద కూర్చున్నాడట. అంతే. చేతిలో పానా చేతిలోనే ఉంది. భగవంతుడు పిలిచాక ‘ఇదొక్కటీ బిగించి వస్తాను స్వామీ’ అనడానికి లేదు కదా.

ఆ నాలుగో చక్రం మిగిలిపోయిందనీ, అందుకే ఆయన ఇంకా పోలేదనీ ఊరంతా అనేది. రాత్రిపూట లోపల్నుంచి — టింగ్... టింగ్... అని ఇనుము మీద ఇనుము చప్పుడు విన్నామని చెప్పినవాళ్ళు కనీసం నలభై మంది. అందులో పదిమంది తాగనివాళ్ళే.

నేను రెండు పూటలా దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషిని. దెయ్యాల విషయంలో అబద్ధమాడి ఆయన దగ్గర మాట పడలేను. ఇది మా బావ చెప్పగా విన్నది, పక్కనుంచి మా అక్క సరిదిద్దగా మళ్ళీ విన్నది. రెండోసారి విన్నదే మీకు చెబుతున్నాను.

మా బావ మెకానిక్కు. పద్దెనిమిదేళ్ళు ఒకే ఓనరు దగ్గర పనిచేశాడు. ఒకరోజు చేతులు కడుక్కుని, ఇక సొంతంగా షాపు పెట్టుకుంటానని చెప్పాడు. ఓనరు కళ్ళద్దాల పైనుంచి చూసి, ‘పెట్టుకో. షాపు తెరిచి నెల తిరక్కుండా ఇదే గుమ్మం ముందు నిలబడతావు’ అన్నాడు.

ఆ ఒక్క మాట మా బావకి ముల్లులా గుచ్చుకుంది. తిండి తింటున్నా అదే, పడుకున్నా అదే. షాపు నిలబడాలి — లేదా ఆ గుమ్మం ముందు తాను నిలబడాలి. మధ్యలో ఇంకోటి లేదు.

అలాంటివాడు పోయిపోయి ఆ షెడ్డే తీసుకున్నాడు. తాళంచెవి ఇచ్చినాయన, ఇచ్చిన చేతిని గబుక్కున వెనక్కి లాక్కున్నాడట.

వద్దు బావా, అక్కడ ఆయన తిరుగుతాడట అని నేను బతిమాలాను.

“మరీ మంచిదిరా. నైట్ షిఫ్టుకి మనిషి దొరికాడు. జీతం అడగడు, సెలవు అడగడు, టీకని వెళ్ళి గంటసేపు మాయమవడు” అన్నాడు బావ.

“తప్పు బావా. లెంపలేసుకో.”

“నా చేతులకి గ్రీజుంది. నా తరఫున నువ్వేసుకో.”

వేసుకున్నాను. మా బావ తరఫున లెంపలు వేసుకోవడం నాకు అక్క పెళ్ళినాటి నుంచీ అలవాటే.

ఇక షాపు కట్టడం చూడాలి. లిఫ్టు స్తంభాలు నిలబెట్టాలంటే నేల గట్టిగా ఉండాలని, పాత గచ్చు పగలగొట్టించి, ఊచలు పరిచి, జానెడు మందాన కాంక్రీటు పోయించాడు. ఇరవై ఎనిమిది రోజులు దాని మీద కాలు పెట్టనివ్వలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్ళు పట్టేవాడు. ‘పెళ్ళైన ఇన్నేళ్ళలో నాకొక గ్లాసు మంచినీళ్ళు అందించిన పాపాన పోలేదు, ఆ నేలకి మూడు పూటలా తాపుతున్నారు’ అని మా అక్క వీధి వీధంతా చెప్పింది.

నేల ఆరాక ఎక్కడో వాడిన పాత లిఫ్టు ఒకటి వచ్చింది. రెండు స్తంభాలు, ఒక్కోదానికి రెండేసి ఇనప చేతులు. బండి కింద చేతులు పెట్టి మీట నొక్కితే మనిషికంటే ఎత్తుకి లేపుతుంది. పద్దెనిమిదేళ్ళు మా బావ లిఫ్టు కింద పనిచేశాడే గాని, దాని మీట ముట్టుకున్నవాడు కాదు. పాత ఓనరు ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇప్పుడు సొంత మీట. మొదటిరోజు ఖాళీ లిఫ్టునే పదిసార్లు పైకీ కిందికీ ఆడించుకున్నాడు, ఉయ్యాల దొరికిన పిల్లాడిలా.

మూలన పెద్దమేస్త్రీ నాటి గాలిమిషను ఉంటే తుడిచి, కొత్త మోటారు బిగించి, గోడ చుట్టూ గొట్టం లాగాడు. ఎదురు గోడకి చెక్కపలక కొట్టి పనిముట్లన్నీ తగిలించాడు. మా అక్క తెల్లరంగు పట్టుకుని ఒక్కో పనిముట్టు చుట్టూ గీత గీసింది. ఏది ఎక్కడుండాలో ఆ బొమ్మే చెబుతుంది. షట్టరు దించే ముందు ఏ బొమ్మా ఖాళీగా ఉండకూడదు — అది అక్క చట్టం. బళ్ళో హాజరు వేసినట్టు చూసేది.

ఆ పలక మీద లేనిది ఒక్కటే — సుద్దముక్క. పాత ఓనరుకి ఒక అలవాటు. చక్రం నట్టు బిగించగానే దాని మీద సుద్దతో గీత గీసేవాడు, ఇది అయిందని గుర్తుకి. ‘నేను మెకానిక్కునా, పంతుల్నా?’ అని మా బావ ఎగతాళి చేసేవాడు. సొంత షాపుకి కొత్తరకం పానా కొన్నాడు. నట్టు సరిపడా బిగిసిందంటే అదే ‘టిక్’ అంటుంది.

ఊరు భయపడే టింగ్ టింగ్ సంగతి కూడా తేల్చేశాడు. పగలు ఎండకి వేడెక్కిన రేకులు రాత్రి చల్లారుతూ చేసే చప్పుడట. ‘మీ పెద్దమేస్త్రీ పైన రేకుల్లో ఉన్నాడు, దించమంటావా?’ అని నన్ను అడిగాడు. మళ్ళీ లెంపలేసుకున్నాను.

అన్నీ ఉన్నాయి... బండి తప్ప. పదకొండు రోజులు ఒక్క సైకిలు కూడా ఆగలేదు.

పన్నెండో రోజు సాయంత్రం ఓ బడి వ్యాను వచ్చింది. డ్రైవరు ఊరికి కొత్త, అందుకే వచ్చాడు. వెనక బ్రేకులు పట్టడం లేదు. పొద్దున ఆరింటికి పిల్లల్ని ఎక్కించుకోవాలి. ఇది బాగా చేస్తే బడికి ఇంకా ఐదు వ్యాన్లున్నాయన్నాడు. మా బావ కళ్ళలో ఐదు వ్యాన్లూ వరసగా నిలబడ్డాయి.

వ్యాను లేపాడు. వెనక రెండు చక్రాలూ ఊడదీసి, బ్రేకులు మార్చి, చక్రాలు ఎక్కించి, పది నట్లూ చేత్తో తిప్పి వదిలేశాడు. చక్రం గాల్లో ఉండగా గట్టిగా బిగించరు. బండి నేల మీద నిలిచి, బరువు చక్రం మీద పడ్డాకే బిగించాలి. రాత్రంతా పైనే ఉంచితే బ్రేకాయిలు ఎక్కడైనా కారుతుందేమో తెలుస్తుంది. పొద్దున ఐదింటికి వచ్చి, చుక్క లేదని చూసి, దించి, బిగించేద్దామనుకున్నాడు. తాళంచెవి వ్యానులోనే వదిలాడు.

ఇంటికొచ్చి పడుకున్నాడు. నిద్ర రాదు. ఒకరి దగ్గర చేసినన్నాళ్ళు చేతులు కడుక్కుంటే పని వదిలేది. సొంత షాపు అలా కాదు, మంచంలోకి కూడా వెంట వస్తుంది. గాలిమిషను కట్టేశానా... లేదా? పది కొట్టాక ఇక ఆగలేక స్కూటరు తీశాడు.

షట్టరు నడుం ఎత్తుకి లేపి, వంగి లోపలికి దూరాడు. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. స్విచ్చు ఎదురు గోడకి. రెండు అడుగులు వేశాడో లేదో —

ఉస్స్స్స్...

నడుం నొప్పి మనిషి స్టూలు మీద చతికిలబడి వదిలిన నిట్టూర్పు.

“ఎవరది?” అన్నాడు.

టింగ్... అని చప్పుడైంది. రేకులే... అనుకున్నాడు. చప్పుడు మాత్రం కిందనుంచి వచ్చింది.

ఉస్స్స్స్...

వెంటనే మూలన దడదడదడ మని గాలిమిషను దానంతటదే లేచింది. మా బావ ఎగిరి ముందుకి పడ్డాడు. నుదురు ఇనుముకి ఠంగుమని కొట్టుకుంది. చెయ్యి పెట్టి తడిమాడు... వ్యాను. తన తలకంటే ఎత్తున వదిలిన వ్యాను, ఇప్పుడు నుదుటికి తగులుతోంది. అరచెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు.

అది కదులుతోంది.

నెమ్మదిగా... కిందికి... తన మీదికి.

తర్వాత ఏమైందో మా బావకి సరిగ్గా గుర్తులేదు. గుర్తున్న దేవుళ్ళందరినీ పిలిచాడట. తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టి ఒక దేవుణ్ణే నాలుగుసార్లు పిలిచాడట. స్కూటరు అక్కడే ఉంది, షట్టరు అలాగే ఉంది, మనిషి మాత్రం ఇంట్లో ఉన్నాడు. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి చూసి అక్క అడిగితే తలుపు తగిలిందన్నాడు.

తెల్లవారి ఆరు కావస్తుండగా మా ఇంటికొచ్చి నన్ను లేపాడు. “నువ్వు రోజూ దణ్ణాలు పెడతావుగా. ముందు నువ్వు నడు” అన్నాడు. నా స్కూటరు మీద వెళ్ళాం.

షట్టరు పూర్తిగా తెరిచి ఉంది. లిఫ్టు చేతులు నేల మీద పరుచుకుని ఉన్నాయి. వ్యాను లేదు.

బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. “నట్లు బిగించలేదురా” అన్నాడు. అంతే అన్నాడు.

టిక్ పానా ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. స్కూటరు అంత జోరుగా నేను ఎప్పుడూ నడపలేదు. దారి పొడుగునా దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను — స్వామీ, షాపు పోతే పోయింది, పిల్లలు... పిల్లలు. మూడో వీధి మలుపులో వ్యాను దొరికింది. అప్పటికే పదకొండు మంది ఎక్కారు. బావ స్కూటరు ఆగకముందే దూకి, చేతులు బారచాపి వ్యాను ముందు నిలబడ్డాడు.

డ్రైవరు కంగారుగా దిగాడు. బావ అతన్ని దాటి వెళ్ళి వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చాలాసేపు లేవలేదు. నేను భుజం మీదుగా తొంగి చూశాను.

ఒక్కో నట్టు మీద సుద్దగీత. నట్టు మీద మొదలై చక్రం మీదికి దిగి, చివర చిన్న కొక్కెంలా వంపు తిరిగింది. ఇటు ఐదు. అటు ఐదు.

బావ పానా వేశాడు. నట్టు వెంట్రుకవాసి కదల్లేదు. టిక్. రెండోదీ అంతే. టిక్. పిల్లలు కిటికీల్లోంచి తలలు పెట్టి పది దాకా లెక్కపెట్టారు.

“రాత్రంతా కూర్చుని చేశావా అన్నా? ఇంత పనితనం ఈ రోజుల్లో ఎవరికుంది” అన్నాడు డ్రైవరు. తను ఆరు కాకముందే వచ్చాననీ, షట్టరు సగం తెరిచి ఉందనీ, వ్యాను నేల మీదే ఉందనీ చెప్పాడు. నువ్వు టీకి వెళ్ళావనుకుని, లిఫ్టు చేతులు పక్కకి తోసి తీసుకొచ్చేశానన్నాడు.

“లోపల ఎవరైనా ఉన్నారా?”

“లేరన్నా. లైటు మాత్రం వెలుగుతోంది.”

బావ నా వైపు చూశాడు. రాత్రి తను స్విచ్చు దాకా వెళ్ళనే లేదు.

షాపుకి తిరిగొచ్చేసరికి అక్క అక్కడుంది. బావ జరిగిందంతా కక్కేశాడు. అక్క మాట్లాడకుండా బకెట్లో సబ్బు కలిపి, గాలిగొట్టం పొడుగునా రాసుకుంటూ వెళ్ళింది. ఒక అతుకు దగ్గర బుడగలు లేచాయి. ‘ఇదిగో మీ దెయ్యం, నురగ కక్కుతోంది’ అంది. అక్కడ గాలి పోతోంది, అదీ నిట్టూర్పు. గాలి తగ్గితే మిషను దానంతటదే లేచి నింపుకుంటుంది. మా బావ దాన్ని కట్టేయడం నిజంగానే మర్చిపోయాడు. మరి వ్యాను? మరి సుద్ద?

సుద్ద అనగానే బావకి వెలిగింది. నన్ను కూడా లాక్కుని పాత ఓనరు ఇంటికి నడిచాడు.

ఓనరు అరుగు మీద కుర్చీలో, కాళ్ళ మీదుగా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి మొహం విప్పారింది. “నెలకింకా పద్దెనిమిది రోజులుందిరా. తొందరపడి వచ్చావే?”

బావ ఆ మాట పట్టించుకోకుండా వ్యాను దిగిన సంగతి చెప్పాడు. ఓనరు పగలబడి నవ్వాడు. బండి లేపాక మళ్ళీ కాస్త కిందికి వదలాలట, స్తంభంలోని కొక్కెం మీద కూర్చుని ఆగేదాకా. లేకపోతే నూనె ఒత్తిడి మీద నిలిచే పాత లిఫ్టు తెల్లారేసరికి మెల్లగా నేలకి దిగుతుందట.

“పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి మీట ముట్టుకోనిస్తే తెలిసేది గురువుగారూ” అన్నాడు బావ.

ఓనరు నవ్వు ఆగింది.

“పోనివ్వండి. మీరే వచ్చి నట్లు బిగించారుగా, సుద్దగీతలు గీశారుగా. పదకొండు మంది పిల్లలున్నారు అందులో. మీ కాళ్ళకి దణ్ణం పెట్టుకుందామని వచ్చాను.”

“ఏ కాలికిరా?” అంటూ ఓనరు దుప్పటి తొలగించాడు. కుడికాలు తొడదాకా సిమెంటు కట్టు. స్నానాలగదిలో జారి తొమ్మిది రోజులైందట.

ముగ్గురం ఆ కట్టునే చూశాం.

“గీతలు ఎలా ఉన్నాయి?” అని ఓనరు నన్ను అడిగాడు. గొంతు తగ్గింది. “తిన్నగా ఉన్నాయా... చివర వంపు తిరిగాయా?”

తిరిగాయన్నాను.

“నేను తిన్నగా గీస్తానురా. వంపు తిప్పేది ఆయన. నాకు పని నేర్పినాయన... ఆ షెడ్డులోనే.”

ఇది జరిగి ఏడాదైంది. ఇప్పుడు బడివాళ్ళ ఆరు వ్యాన్లూ మా బావ దగ్గరికే వస్తాయి. నైట్ షిఫ్టు జోకు మళ్ళీ వెయ్యలేదు. నా లెంపలకి కాస్త విశ్రాంతి దొరికింది. ఆ రోజు సాయంత్రమే ఒక కొత్త సుద్దముక్క కొనుక్కొచ్చి పలక మీద చివరి మేకు పక్కన దారంతో కట్టాడు. అక్క వెటకారంగా నవ్వుకుంటూనే, చట్టం చట్టమేనని, దాని చుట్టూ కూడా తెల్లరంగుతో గీత గీసింది.

దాన్ని ఎవరూ ముట్టుకోరు. బావకి టిక్ పానా ఉంది. అక్కకి రంగు ఉంది.

మొన్న వెళ్ళినప్పుడు చూశాను. బొమ్మ వేలెడు పొడుగుంది.

దారానికి వేలాడుతున్న సుద్ద... గోరంత.