అందరూ అమ్మ అని రాసిన ఫోటోలు

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండమ్మా. బందరులో సామ్యేలు గారింట్లో ఫోటోలు సర్దిన సంగతి చెబుతాను. కంప్యూటర్లు అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న రోజులవి.

ఒక శనివారం పొద్దున సామ్యేలు భార్య లీలావతి పెరట్లో రొయ్యలు ఒలుస్తుంటే, కూతురు క్రిస్టినా ముందుగదిలోంచి నవ్వుతూ కేకేసింది. పాత ఫోటోలన్నీ ఆ పిల్ల కంప్యూటర్లోకి ఎక్కించింది. ఎవరికి తెలిసిన మనిషి కింద వాళ్లు పేరు రాస్తే, ఒకే పేరున్నవన్నీ అదే ఒకచోట చేరుస్తుందట. గుడివాడ నుంచి అన్న అరుణ్ కూడా వచ్చి రాశాడు. తీరా చూస్తే ఒక్కరూ అసలు పేర్లు రాయలేదు. మన ఇళ్లలో పెద్దవాళ్లను పేరు పెట్టి ఎవరంటారు గనక.

“చూడమ్మా, నాన్న నానమ్మకి అమ్మ అని రాశారు, నేను నీకు రాశాను. ఇద్దరూ ఒకే గుంపులో పడ్డారు.”

“మా అత్తగారు బతికుంటే నా పక్కన కూర్చునేదా,” అంది లీలావతి, చేతులు కడుక్కుని వస్తూ.

ఆ గుంపులో మూడో ముఖం ఒకటుంది. సత్యవతి. సామ్యేలు మొదటి భార్య, అరుణ్‌ను కన్నతల్లి. దివిసీమ ఉప్పెనలో ఇంటితో పాటే పోయింది. బందరు స్టూడియోలో ఉండిపోబట్టి ఆ ఒక్క ఫోటో మిగిలింది. దాని కింద అరుణ్ అమ్మ అని రాశాడు. పసితనం నుంచి పెంచిన లీలావతి కింద పిన్ని అని రాశాడు.

క్రిస్టినా నవ్వు ఆగిపోయింది.

“ఏంటన్నయ్యా ఇది? నీకు టైఫాయిడ్ వస్తే రాత్రింబవళ్లు మంచం పక్కన కూర్చున్నది ఉత్త పిన్నేనా? ఇవన్నీ తీసేసి లీలావతి, సత్యవతి అని పేర్లే రాస్తాను. గొడవ వదిలిపోతుంది.”

“ఆ ఒక్క ఫోటో ముట్టుకోకు,” అన్నాడు అరుణ్. “ఆవిడ నాకు గుర్తే లేదు. అమ్మ అన్న మాట కూడా తీసేస్తే ఎవరో పరాయి మనిషి అయిపోతుంది.”

“మరి మా అమ్మ పరాయిదా?”

సామ్యేలు పేపర్లోంచి తల ఎత్తలేదు. లీలావతికి ఆశ లేదని అబద్ధమెందుకు? అరుణ్‌తో దిగిన ఏ ఒక్క ఫోటో కిందైనా ఆ మాట ఉంటుందేమోనని కళ్లతో వెతుక్కుంది. అయినా కూతురి చేయి పట్టుకుని ఆపింది.

“తీయొద్దే. పిన్ని అనమని నేర్పింది నేనే. వచ్చిన కొత్తలో వాడు నన్ను అమ్మా అంటే, ఆ ఫోటో చూపించి, మీ అమ్మ ఈవిడ నాయనా అనేదాన్ని. పోయినావిడకి ఆ పిలుపు తప్ప ఇంకేం మిగిలింది?”

అరుణ్ లేచి ఆమె దగ్గరకు వచ్చాడు.

“అమ్మా అంటే దిద్దేదానివి, అంతవరకే గుర్తుంది పిన్నీ. నన్ను కొడుకనుకోవడం నీకిష్టం లేదేమోననుకున్నాను. ఎప్పుడూ అడగలేదు.”

“పిచ్చి సన్నాసీ,” అంది లీలావతి, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

“చెల్లీ, ఒక మనిషి కింద రెండు పేర్లు రాయొచ్చా?”

“ఎన్నైనా.”

అరుణ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పిన్ని అన్న మాట చెరపకుండా, పక్కనే అమ్మ అని రాసుకుంటూ పోయాడు. రాసిన ప్రతి ఫోటో వెళ్లి సత్యవతి పక్కన చేరుతుంటే, లీలావతి కన్నీళ్లలోంచే చూస్తూ నిలబడింది.

మీ ఇంట్లో పాత ఫోటోలు తీసిన రోజున ఈ సంగతి తలుచుకోండమ్మా. మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు సత్యవతిని మాత్రం వదిలిపెట్టకండి.