సాయంత్రం టీ

కంటి ఆస్పత్రి వరండాలో నల్లకళ్ళద్దాల వరుస గేటు దాకా పాకింది. ఊరంతా కళ్ళకలక. పైనుంచి ఆగని వాన.

"అలా గుచ్చి గుచ్చి చూడకు. అంటుకుంటుంది" అన్నాడు మెరుపు.

కంట్లో ప్రెజర్ చూసే కుర్రాడి నిదానం చూసి వెక్కిరింతగా ఆ పేరు పెట్టింది ల్యాబ్ అమ్మాయే. ఓ శాంపిల్ తారుమారైందని కారిడార్‌లో ఇద్దరూ పోట్లాడుకున్నారు. మర్నాటి నుంచి సాయంత్రం టీ కలిసే తాగుతున్నారు.

"చూస్తే అంటుకోదు. ముట్టుకుంటేనే."

"ఓహో! అందుకా చెయ్యి పట్టుకోనివ్వవు?"

ఇంకో రోజైతే ఫక్కున నవ్వేది. ఇవాళ నవ్వలేదు.

జబ్బు ఎక్కడ మొదలైందో తేల్చమని పెద్ద డాక్టరమ్మ ఆమెకే పురమాయించింది. నీళ్ళ ట్యాంకు అనుకున్నారు, బడి అనుకున్నారు. ఏదీ కాదు. నిన్న ఇంట్లో నాన్న కళ్ళల్లో చుక్కలు వేస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. బస్సు నడిపే నాన్న మొదట ఆస్పత్రికి వచ్చింది కళ్ళద్దాల నంబరు కోసం. అప్పటికి ఆయన కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. ఇప్పుడు ఎదుట నిలబడ్డ కూతురే మసక.

పొద్దున్నే విచారించింది. మొదట జబ్బుపడ్డవాళ్ళంతా అంతకుముందు మంచి కళ్ళతో ఇక్కడికి వచ్చి ప్రెజర్ చూపించుకున్నవాళ్ళే. పరికరాలన్నిటినీ దూదిపుల్లతో తుడిచి పరీక్ష చేసింది. వైరస్ ఒక్కచోటే దొరికింది. కనుగుడ్డుకు ఆనించే ప్రెజర్ మిషన్ మొన మీద.

"ఆ మొనని మందునీళ్ళలో నానబెడుతున్నావా?"

అతని మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఇదివరకు నానబెట్టేవాణ్ణి. ఈమధ్య స్పిరిట్ దూదితో తుడిచేస్తున్నా."

"స్పిరిట్ తుడుపుకు ఈ వైరస్ చావదు. ఎందుకలా చేశావు?"

"నానబెడితే ఒక్కొక్కరికీ ఆలస్యం."

"అయితే ఏం?"

"సాయంత్రానికి పని తెమలాలిగా. నువ్వు ఎదురుచూస్తుంటావు."

రోజూ అతని గది తలుపు దగ్గర నిలబడి "ఎంతసేపూ? త్వరగా రా" అని తొందరపెట్టింది తనే.

"డాక్టరమ్మకి నా పేరు చెప్పెయ్. నిన్నేమీ అనుకోను" అన్నాడు.

"పద, ఇద్దరం చెబుదాం."

"నీకెందుకు?"

"టీ ఇద్దరం తాగాం కదా!"

ఆ పూటే మిషన్ ఆపేశారు. నెమ్మదిగా వరుస పలచబడింది. ఆమెను చీవాట్లతో వదిలేశారు. అతని ఉద్యోగం మాత్రం పోయింది.

వారం తిరిగాక, తడిసి ముద్దయి ఆమె ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరమ్మా? ఆకారం తప్ప ఏమీ తెలీడం లేదు" అన్నాడు నాన్న.

"మీ కళ్ళు ఇలా కావడానికి కారణం నేనేనండీ. మీ అమ్మాయంటే నాకు ప్రాణం. రెండూ మీకే చెప్పాలని వచ్చాను."

నాన్న చూపు తిరిగొస్తుంది, కానీ నెలలు పట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది. అప్పటిదాకా స్టీరింగ్ ముట్టుకోకూడదు.

"నేను మళ్ళీ బస్సెక్కేదాకా రోజూ వచ్చి చుక్కలు నువ్వే వెయ్యి" అన్నాడు నాన్న. "రెండోదానికి జవాబు నీ మొహం చూశాక చెబుతా. ముందు వెళ్ళి చేతులు కడుక్కో."

అతను కుళాయి దగ్గర నిలబడి వేలూ వేలూ రుద్దుకుంటున్నాడు. ఎంతకీ తెమలడం లేదు. తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడింది ఆమె.

త్వరగా రమ్మని అనలేదు.