తలుపు గడియకు ఎర్ర తువ్వాలు

ఆ ఇంట్లో కుక్కర్ కూయాలన్నా, మిక్సీ తిరగాలన్నా, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోవాలన్నా పొద్దున్నే కానిచ్చేయాలి. ఎనిమిది దాటిందంటే పడకగది తలుపు గడియకు ఎర్ర తువ్వాలు వేలాడుతుంది. ఆ తర్వాత చీమ చిటుక్కుమన్నా నేరమే.

తలుపు వెనక పెద్ద చెక్క బీరువా. అందులో నాలుగువైపులా దుప్పట్లు కట్టుకుని, చిన్న పీట మీద కూర్చుని ఆ ఇంటి కోడలు మైకు ముందు మాట్లాడుతుంది. అదే ఆమె వ్యాపారం. ఏదైనా కంపెనీకి ఫోన్ చేస్తే "దయచేసి వేచి ఉండండి" అని తియ్యగా వినిపించే గొంతుల్లో కొన్ని ఆమెవే. ఆ వ్యాపారానికి యజమానీ ఆమే, నౌకరూ ఆమే. ఒకప్పుడు బస్ స్టేషన్లో ప్రకటనలు చదివేది కాబట్టి, మెట్ల మీద ఎదురుపడినవాళ్ళు ఇప్పటికీ "బాగున్నారా అనౌన్సరమ్మా" అనే పలకరిస్తారు.

స్టేషన్లో ఆమె కుర్చీ ఎత్తేసి ఆ పని యంత్రానికి అప్పజెప్పిన రోజు కరువుతీరా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, లేచి బీరువా ఖాళీ చేసింది. మొదట్లో ఎక్కడో సముద్రాల అవతల నుంచి కస్టమర్ ఫోన్ చేస్తే గొంతు వణికేది. "మళ్ళీ చెప్తారా, అర్థం కాలేదు" అనడానికి కూడా సిగ్గుపడేది. అడగందే అమ్మైనా పెట్టదని తనకు తానే చెప్పుకుని, అద్దం ముందు నిలబడి పని అడగడం నేర్చుకుంది. కుదరదని చెప్పడం అంతకంటే కష్టపడి నేర్చుకుంది. నవ్వే గొంతు కావాలంటే నవ్వే గొంతు, పిల్లల పాఠాలంటే పాఠాలు. ఏ ఎండకా గొడుగు పట్టడం తిట్టు కాదు, బతుకుతెరువని ఆమెకు అప్పుడే అర్థమైంది.

ఇంట్లోవాళ్ళూ అలవాటుపడ్డారు. లిఫ్టులు బాగుచేసే భర్త మధ్యాహ్నం భోజనానికి వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా లోపలికి వచ్చేవాడు. అత్తగారిది పాత దగ్గు. ఎర్ర తువ్వాలు కనబడితే చాలు, చేతిసంచీ తీసుకుని వీధి చివర పార్కులో బల్ల మీదికి చేరేది. ఇక మిగిలింది కూతురు. దాన్ని వసపిట్ట అంటారు. మాటలు వచ్చిన కొత్తలో నిద్రలో కూడా నోరు మూసేది కాదని పెట్టుకున్న ముద్దు పేరది. ఇప్పుడు ఎనిమిదేళ్ళు. పేరు పేరుగానే ఉంది. మాటలు ఎప్పుడు తగ్గిపోయాయో ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు పొద్దున్న పిల్లకు ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందని బడి మాన్పించారు.

"ఇవాళ వాళ్ళు లైన్లో ఉండి మరీ వింటారట అత్తయ్యా," అంది కోడలు గోరువెచ్చని నీళ్ళు గుక్క గుక్కగా తాగుతూ. "బీమా కంపెనీ వాళ్ళు. నన్నే ఉంచుకోవాలా, యంత్రం గొంతు పెట్టుకోవాలా అని ఇవాళ తేల్చేస్తారు. ఈ పని పోతే మిగతావాళ్ళూ అదే దారి పడతారు. ఇక ఆ బీరువాలో బట్టలు సర్దుకోవడమే!"

"లేనిపోనివి ఊహించుకుని హడలిపోకు. నువ్వెళ్ళి నీ పని చూసుకో. పిల్లని నేను చూసుకుంటాగా."

కోడలు నసిగింది. "అది కాదత్తయ్యా, మీ దగ్గు..."

అత్తగారు కొంగుతో నోరు తుడుచుకుంది. "సరేలే, పార్కుకే పోతాను. పాలు మరగబెట్టి ఫ్లాస్కులో పోశా, ఆకలేస్తే ఇవ్వు. అయినా జ్వరం పిల్లని ఒక్కదాన్నే వదిలేసి..."

"ఒక్క గంటన్నర. అయినా అది అల్లరి చేసే రకమా? కదలదు, మెదలదు. కదూ బంగారూ?"

వసపిట్ట తలూపింది.

"మొన్న బడికి పిలిచి టీచరు ఏదో చెప్పిందన్నావు?" గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అడిగాడు భర్త.

"క్లాసులో నోరు విప్పదటండీ. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా అడగదట. సిగ్గు, అంతే! నెమ్మదిగా ఉండే పిల్లకి కూడా వంక పెడితే ఏం చెప్తాం?"

ఆ చివరి మాటలో కాస్త గర్వం కూడా ఉంది. భర్త నవ్వి పనికి వెళ్ళిపోయాడు. అత్తగారు సంచీ తీసుకుంది. గడియకు తువ్వాలు పడింది.

బీరువాలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకోగానే ఆమెకు భయం వేసింది. అయినా గొంతులోకి రానివ్వలేదు. లైన్లో ఉన్నావిడ మర్యాదస్తురాలే కానీ ఒక పట్టాన తృప్తిపడే మనిషి కాదు.

"'మీ బాధ మాకు అర్థమవుతోంది' అన్న వాక్యం ఇంకొంచెం మెత్తగా చెప్పగలరా?"

చెప్పింది.

"బాగుంది. కానీ చదువుతున్నట్టుంది. అవతల మనిషి నిజంగా కష్టంలో ఉన్నట్టు అనుకుని చెప్పండి."

కళ్ళు మూసుకుంది. కష్టంలో ఉన్న మనిషిని ఊహించుకోవడానికి ప్రయత్నించింది. "మీ బాధ మాకు అర్థమవుతోంది. మీకు తోడుగా మేమున్నాం. దయచేసి వేచి ఉండండి." ఆ వాక్యం ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే గుర్తులేదు. ఒకసారి మాత్రం తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. తర్వాత ఆవిడ అంది, "యంత్రం ఇలా చెప్పలేదండీ. మీతోనే కొనసాగుతాం."

ఆమె బీరువాలోంచి బయటపడి, తువ్వాలు లాగేసి, హాల్లోకి పరిగెత్తింది. "వసపిట్టా! గెలిచామే! ఎక్కడున్నావ్?"

పిల్ల హాల్లో లేదు. వంటింట్లో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. గౌను మెడ అంచు పళ్ళ మధ్య కరిచిపట్టుకుంది. పక్కన స్టీలు గ్లాసు జాగ్రత్తగా నిలబెట్టి ఉంది. నేల మీద పాలు. కుడి చెయ్యి మణికట్టు దాకా ఎర్రగా కందిపోయి, అరచేతి పక్కన పెద్ద బొబ్బ లేచింది.

"ఏమైందే? చెయ్యి ఎప్పుడు కాలింది?"

పిల్ల నోట్లోంచి గౌను తీసి, ముందు పడకగది తలుపు వైపు చూసింది. గడియకు ఏమీ లేదని చూసుకున్నాకే మాట్లాడింది. "ఇందాకే. ఆకలేసి ఫ్లాస్కులో పాలు పోసుకున్నా. గ్లాసు జారింది."

"జారితే వదిలేయాలి కదమ్మా! ఎందుకు పట్టుకున్నావ్?"

"కింద పడితే ఖంగుమంటుంది కదా."

"మరి చెయ్యి నీళ్ళ కింద పెట్టుకోలేదేం? కుళాయి పక్కనే ఉందిగా!"

"తిప్పితే పైపు మోగుతుందమ్మా. నీకు వినబడుతుంది."

పిల్లను ఎత్తుకెళ్ళి ఆమె కుళాయి తిప్పింది. పైపు గొంతు చించుకుని మోగింది. కాలిన చేతి మీద నీళ్ళు పడుతుంటే పిల్ల ఒళ్ళంతా బిగుసుకుంది కానీ, కుయ్యిమనలేదు. ఆ నీళ్ళు ఎప్పుడో పడాల్సినవని, ఇప్పుడు పడి పెద్ద లాభం లేదని తల్లికి తెలుస్తూనే ఉంది.

పక్క వీధిలో చిన్న ఆసుపత్రి. అత్తగారు పార్కు నుంచి ఆయాసపడుతూ వచ్చింది. భర్త చేతులకున్న గ్రీజు కూడా కడుక్కోకుండా వచ్చాడు. పిల్లను లోపల బల్ల మీద పడుకోబెట్టి, డాక్టరమ్మ కోసం బయట వరండాలో నిలబడ్డారు ముగ్గురూ.

"గోడ అవతల నువ్వున్నావు," అన్నాడు భర్త. అతని గొంతు ఎప్పుడూ అంత పైకి లేవలేదు. "ఒక్క కేక వేస్తే నీకు వినపడదా?"

"వేయలేదండీ! వేసుంటే వినపడేది!"

"ఎందుకు వేయలేదు? ఒళ్ళు కాలితే కుక్కపిల్ల అయినా అరుస్తుంది. దాన్ని కుక్కిన పేనులా చేసిందెవరు?"

"నేనే! నేనే చేశాను! చాలా?" ఆమె కూడా అరిచింది. "మరి చెప్పులు చేత్తో పట్టుకుని దొంగలా వచ్చి, దాని ముందే నోటి మీద వేలు పెట్టి చూపించిందెవరు? నేనొక్కదాన్నే నేర్పానా?"

అతను గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇక ఊరుకోండి ఇద్దరూ," అంది అత్తగారు. వరండాలోని బల్ల మీద కూలబడి, ఇన్నాళ్ళూ బిగబట్టిన దగ్గంతా ఒక్కసారే వచ్చినట్టు చాలాసేపు దగ్గింది. తర్వాత మెల్లగా అంది, "పలక్కుండా కూర్చుంటే చాక్లెట్ ఇస్తానని ఆట నేర్పింది నేను. మొదట్లో ఓడిపోయేది. ఓడిపోయి కిలకిలా నవ్వేది. తర్వాత్తర్వాత ఎప్పుడూ ఓడిపోలేదు. నేనూ సంబరపడ్డాను. ముగ్గురం పెద్దవాళ్ళం కలిసి దాని నోరు కుట్టేశామమ్మాయ్. నిన్నొక్కదాన్నే అనడానికి నాకు నోరెలా వస్తుంది?"

అత్తగారు తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేదేమో. తనలో ఎంత ధైర్యం పెరిగిందో, ఎంత మారగలిగిందో తలచుకుని ఈ నాలుగేళ్ళూ మురిసిపోయింది. మారింది తను కాదు. తన కోసం ఇల్లంతా మారింది. అందరికంటే చిన్నది అందరికంటే ఎక్కువ మారింది. బీరువాలో కూర్చుని ఊరూ పేరూ తెలియని వాళ్ళకు "మీ బాధ మాకు అర్థమవుతోంది" అని అంత మెత్తగా చెప్తున్నప్పుడు, గోడ అవతల కన్న కూతురు గౌను కొరుక్కుంటూ కూర్చుంది.

డాక్టరమ్మ వచ్చి అందరినీ లోపలికి పిలిచింది. బొబ్బ చితికిపోయిందనీ, శుభ్రం చేసి కట్టు కట్టాలనీ, మచ్చ మిగిలిపోవచ్చనీ చెప్పింది. తర్వాత పిల్ల తల నిమిరింది. "కాసేపు మండుతుంది తల్లీ. గట్టిగా అరిచెయ్, ఏం ఫర్వాలేదు. ఇక్కడ నీకంటే పెద్దవాళ్ళే గోల గోల చేస్తారు."

పిల్ల డాక్టరమ్మను చూడలేదు. తల్లి మొహంలోకి చూసింది. అడగకుండా అడుగుతున్న ఆ చూపు చూసి తల్లి దగ్గరికి వంగింది.

"ఏడ్చెయ్ నాన్నా," అంది. "ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా ఏడ్చెయ్. ఎవరూ ఏమీ అనరు."

కానీ ఆ మాటలు కూడా తీర్చిదిద్దినట్టు, ఫోన్లో వినిపించే గొంతులాగే వచ్చాయి. పిల్ల నమ్మలేదు. పెదవులు లోపలికి మడిచి, కళ్ళు గట్టిగా మూసుకుంది. దూది తగలగానే ముక్కు నుంచి ఒక్క ఊపిరి బయటికి వచ్చింది. అంతే.

అప్పుడు తల్లి నేల మీద మోకాళ్ళ మీద కూలబడి, బల్ల అంచు పట్టుకుని బావురుమంది. అది మైకు ముందు దిద్దుకున్న గొంతు కాదు. బొంగురుగా, వికారంగా, ఆసుపత్రి అంతా వినబడేలా ఏడ్చింది. వరండాలో ఎవరో లేచి నిలబడ్డారు. భర్త ఆమె భుజం పట్టుకోబోయి, తనే గోడ వైపు తిరిగిపోయాడు. అత్తగారు వంగి కోడలి తలను పొట్టకు హత్తుకుంది. "ఏడువమ్మా, ఏడువు. నిన్ను చూసైనా అది నేర్చుకుంటుంది."

పిల్ల కళ్ళు తెరిచింది. అమ్మ అలా ఏడవడం అది ఎప్పుడూ చూడలేదు. కంగారుపడి, కాలని చెయ్యి చాచి తల్లి నోటి మీద పెట్టింది.

"అమ్మా, మెల్లగా," అంది గుసగుసగా. "పక్క గదిలో ఎవరైనా పని చేసుకుంటుంటారు."

ఆ చిన్న చేతి కింద తల్లి ఏడుస్తూనే ఉంది.