ప్రసాదం ఆగిన వ్రతం

ఆ ఉదయం ఫ్లాట్ బుష్‌లో చలి గడ్డకట్టి కారు అద్దాల మీద తెల్లగా పేరుకుంది. గరాజ్ ఉండగా కారు బయట ఎందుకు వణకాలో రమామణికి తెలుసు. గరాజ్ నిండా విటమిన్ పొడి డబ్బాల అట్టపెట్టెలు, పైకప్పు దాకా. ఇంట్లో అంత ఆరోగ్యం నిలవున్నా మనుషులు మాత్రం చిక్కిపోతున్నారు.

ఆవిడ తెనాలి నుంచి సముద్రాలు దాటి ఈ దేశంలో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చి నెల దాటింది. కాఫీ కలుపుతుంటే గరాజ్‌లోంచి ఎవరిదో మగగొంతు వినిపించింది. మెత్తగా, తేనె పూసినట్టు, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది. మీ కల ఏమిటి, ఐదేళ్ల తర్వాత మీరెక్కడ ఉండాలనుకుంటున్నారు అని అడుగుతోంది. ఇంత పొద్దున్నే ఎవరొచ్చారా అని తలుపు తీసింది. శశిధర్ ఒక్కడే ఉన్నాడు. పెట్టెలకి అద్దం ఆనించుకుని అందులో తనని తానే అడుగుతున్నాడు. మాట ఆగినా నవ్వు ఆగలేదు. ఎవరో ఆరేసి మర్చిపోయిన బట్టలా పెదాల మీద వేలాడుతోంది.

"కాఫీ రా" అంది.

"థాంక్యూ. మీరు చాలా పాజిటివ్ పర్సన్" అన్నాడు.

కొడుకు ఆవిడని 'మీరు' అనడం అదే మొదటిసారి. కాఫీ గ్లాసు అక్కడే పెట్టి వెనక్కి వచ్చేసింది.

వంటింట్లో కోడలు నవీన టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. ఆసుపత్రిలో నర్సు. శశి అనుకరిస్తున్న ఆ గొంతు దామోదర్ గారిదని చెప్పింది. శశిని ఈ వ్యాపారంలో చేర్పించిన మనిషి. ఆయన రికార్డింగులు రోజూ విని, వల్లించి, ఆయనలాగే మాట్లాడాలట. శశి మొదట స్నేహితులకి డబ్బాలు అమ్మాడు. తర్వాత మీరూ అమ్మండి, ఇంకొందరిని చేర్పించండి అని వాళ్ల వెంటపడ్డాడు. వేసవిలో ఉద్యోగం మానేశాడు. స్నేహితులు వీళ్లనే మానేశారు.

ఆ సాయంత్రం కొడుకుతో నడకకి వెళ్లినప్పుడు రమామణికి అదీ కనిపించింది. ఆ వీధిలో తెలుగువాళ్ల ఇళ్లు వరసగా ఉన్నాయి. వీళ్లు దగ్గరయ్యేసరికి ఒక్కో ఇంట్లో దీపం ఆరిపోతోంది. కిటికీ తెర కదిలి, బిగుసుకుని, ఊపిరి బిగబట్టినట్టు నిలిచిపోతోంది. ఈ దేశంలో కరెంటు పొదుపు కాబోలని ముందు మెచ్చుకుంది. వెనక్కి తిరిగి చూస్తే, దాటి వచ్చిన ఇళ్లన్నీ మళ్లీ వెలుగుతున్నాయి. శశి నవ్వుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక నవీన ఆవిడ పక్కన కూర్చుని చిన్నగా చెప్పింది. "దేశం అటు చివర, డునెడిన్‌లో ఉద్యోగం వచ్చింది అత్తయ్యా. వెళ్లిపోతున్నాను, ఒక్కదాన్నే. మనిషితో అయితే సర్దుకుంటాను. రికార్డింగుతో కాపురం చెయ్యలేను."

రమామణి అడ్డు చెప్పలేకపోయింది. వెళ్లేముందు పీటల మీద కూర్చుని సత్యనారాయణ వ్రతం చేసుకోండమ్మా, ఆ తర్వాత నీ ఇష్టం అని బతిమాలింది. నవీన ఒప్పుకుంది. కొడుకుతో చెబితే వాడి కళ్లు మరీ తొందరగా మెరిశాయి. ఎంతమందిని పిలుద్దాం, ఫోన్లు నువ్వే చెయ్యమ్మా అన్నాడు. కొడుకు మళ్లీ 'నువ్వు' అన్నాడన్న ఆనందంలో ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు.

పెద్దావిడ దేవుడి పేరు చెప్పి పిలిస్తే ఎవరు కాదనగలరు? శనివారం హాలు నిండిపోయింది. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చుని వారాంతంలో వ్రతాలు చేయించే ఈశ్వరరావు గారు కథ చదివారు. హారతి అయింది. అందరూ ప్రసాదం కోసం చూస్తున్నారు. ప్రసాదం లేదు.

"గరాజ్‌లో భద్రంగా ఉంది. ముందు ఒక అరగంట ప్రెజెంటేషన్" అన్నాడు శశిధర్, టీవీ పెడుతూ.

కథ విన్నాక ప్రసాదం తీసుకోకుండా లేచిపోతే కీడని తెలియని ఇల్లు లేదు. నమ్మనివాళ్లకి కూడా ఊళ్ల నుంచి తల్లుల ఫోన్లు వస్తాయి. అందుకని ఒక్కరూ కదల్లేదు. ఈశ్వరరావు గారు కూడా పంచె సవరించుకుని కూర్చుండిపోయారు. అప్పుడు వీధితలుపు తీసుకుని దామోదర్ వచ్చాడు. నోరు తెరిచాడు. గరాజ్‌లో విన్న గొంతే.

రమామణి కొడుకు వైపు చూసింది. ఆయన మాట్లాడుతుంటే పక్కనే నిలబడ్డ కొడుకు పెదాలు చప్పుడు లేకుండా అవే మాటలు పలుకుతున్నాయి. ఆయన ఆగిన చోట ఆగుతున్నాయి. ఆయన నవ్విన చోట నవ్వుతున్నాయి.

మాట పూర్తయ్యేసరికి, ఈమధ్యే చదువు ముగించి వృద్ధాశ్రమంలో ఉద్యోగంలో చేరిన ప్రణీత ఆవిడ వైపు వంగింది.

"మీరు చెబితే నేనూ చేరతాను ఆంటీ. అసలు మీరు పిలిచారనే వచ్చాను."

ఎర ఎవరో రమామణికి అప్పుడు తెలిసింది. లేచి గరాజ్‌లోకి వెళ్లి ప్రసాదం గిన్నె తెచ్చింది. టీవీకి అడ్డంగా నిలబడి ప్రణీత చేతిలో మొదట పెట్టింది.

"తీసుకుని ఇంటికెళ్లు తల్లీ. నేను పిలిచింది వ్రతానికి, దీనికి కాదు."

అందరూ చేతులు చాచారు, చెప్పులు వేసుకున్నారు. దామోదర్ కూడా చెయ్యి చాచాడు. మీలో గొప్ప లీడర్ ఉంది ఆంటీ అని మెచ్చుకుని, నవ్వు చెదరకుండానే వెళ్లిపోయాడు.

మిగిలింది ముగ్గురు. నా ఈవెంట్ పాడు చేశావని శశిధర్ మొదలుపెట్టబోయాడు. రమామణి గరాజ్ వైపు చూపించింది.

"పోయిన నెల ఆ డబ్బాలు కొన్నదెవరురా?"

వాడు టీవీ ఆపాడు.

"అంతకుముందు?"

"నేనే."

"ఆ ముందు?"

"అన్నీ నేనేనమ్మా. ప్రతి నెలా కొనకపోతే కంపెనీలో నా లెవెల్ పోతుంది. లెవెల్ పోతే ఇన్నాళ్లూ పెట్టిందంతా పోయినట్టే." కుర్చీలో కూర్చున్నాడు. "దామోదర్ గారూ అంతే. ఆయనవీ ఆయనే కొనుక్కుంటాడు. మొన్న కారులో ఏడ్చాడు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. నవ్వుతూనే ఉన్నాడు. ఆపడం రావట్లేదన్నాడు. నాకు భయమేసిందమ్మా."

చిన్నప్పుడు జ్వరమొస్తే చెప్పినట్టు చెప్పాడు. వాడి కంటే ముందు ఆవిడే ఏడ్చింది.

నవీన మంచినీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది. అతను గ్లాసు ఖాళీ చేసి తలెత్తాడు.

"నేనూ రానా నవీనా, డునెడిన్?"

ఆమె ఖాళీ గ్లాసు అందుకుంది.

"ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటాను. కాకపోతే అక్కడ మనకి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు."

"అందుకే" అంది నవీన. కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.