మెట్ల కింద చప్పుడు

వీధి చివర జంట ఇళ్ళు. రెండింటికీ మధ్య ఒకటే గోడ. కుడివైపు ఇంట్లో ఈమధ్యే దిగిన కాపురముంది. ఎడమవైపుది ఏడాదిగా ఖాళీ. ఖాళీ అని మనం అనుకోవడమే గానీ, ఆ వీధివాళ్ళు ఒప్పుకోరు.

రాత్రి ఎనిమిది దాటితే అటు ఎవరూ నడవరు. దెయ్యాలూ లేవు, దేవుళ్ళూ లేరు అని బల్లగుద్ది చెప్పే లెక్కల మాస్టారు కూడా ఆ గోడ దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టి సైకిలు తొక్కేస్తాడట.

ఎందుకంటే ఆ మెట్ల కింద చప్పుడవుతుంది. ఠక్... ఠక్... ఠక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ మూడు.

ఇది నాకు చెప్పింది తాళాలక్క. బస్టాండు పక్కన తాళాలు బాగుచేసే కొట్టు ఆమెది. "ఆడదానివి, సుత్తి పట్టావేంటి?" అని ఎవడైనా అంటే, "నీ బీరువా తెరవాలా, నీ నోరు మూయాలా? రెండింటికీ ఇదే పనికొస్తుంది" అంటుంది. ఒక్క పని మాత్రం ఎంతిచ్చినా చెయ్యదు. గది తలుపుకి బయటివైపు గడియ బిగించమంటే, "లోపల ఎవరుంటారు?" అని అడుగుతుంది. జవాబు నచ్చకపోతే సంచీ సర్దుకుని వచ్చేస్తుంది.

ఆమె ఎడమచేతి చిటికెనవేలు వంకర. పనిలో విరిగిందేమో అనుకునేదాన్ని.

"నాన్న తలుపు వేస్తుంటే విరిగింది" అంది ఒకరోజు, తాళంచెవిని ఆకురాయితో రుద్దుతూ. "వేలు ఇంకా లోపలికి తీసుకోలేదు నేను. ఆయన ఆగలేదు."

ఆ ఎడమవైపు ఇల్లు ఆ నాన్నదే.

తపాలా ఆఫీసులో గుమస్తా. ఇస్త్రీ మడత నలగని మనిషి. వీధిలో ఎవరికి దరఖాస్తు కావాలన్నా రాసిపెట్టేవాడు... ఎంత పెద్దమనిషి! భార్య పోయాక, ఐదేళ్ళ కూతుర్ని బెల్టుతో కొట్టి, మెట్ల కింది గదిలోకి తోసి గడియ పెట్టేవాడు. గ్లాసు పడేసిందని. ఎక్కం తప్పిందని. ఒక్కోసారి తనని చూసిన చూపు బాగాలేదని. పన్నెండో ఏట పెద్దమ్మ వచ్చి, పిల్ల వీపు చూసి, ఆ పూటే తనతో తీసుకుపోయింది. ముప్పై ఏళ్ళయింది. ఇప్పటికీ తాళాలక్క దీపం ఆర్పి పడుకోదు.

నిరుడు ఆయన పోయాడు. ఇల్లు ఆమెకి వచ్చింది. అమ్మేసేలోగా ఆ గడియని తన చేత్తోనే ఊడదీయాలనుకుంది. లేకపోతే చచ్చేదాకా ఆ గదిలోనే ఉండిపోతానని భయం.

కొట్టు కట్టేసి, సంచీ, టార్చీ పట్టుకుని వెళ్ళింది.

ఎదురింటి కిటికీలో మిషన్ పిన్ని బట్టలు కుడుతోంది. అందరూ అలాగే పిలుస్తారామెని.

"ఎవరమ్మాయ్? అటెక్కడికి?"

"తాళం తియ్యాలండీ."

"దెయ్యానికి తాళం అడ్డమా? పొద్దున్నే రాకూడదూ?" పిన్ని గొంతు తగ్గించింది. "నేను కాపురానికొచ్చిన కొత్తలో, ఏడేళ్ళు విన్నానే తల్లీ. ఆ మెట్ల కింది గాలికంతలోంచి... ఠక్, ఠక్, ఠక్. మా ఆయన రేడియో పెంచేవాడు. నేను మిషన్ తొక్కేదాన్ని. ఆ ఇంటి పిల్ల ఎటో పోయిన ఏడాదే ఆగిపోయింది. దెయ్యమే పట్టుకుపోయిందన్నారు."

తాళాలక్క సంచీలో తాళంచెవి వెతుక్కుంది.

"నాలుగు నెలల్నుంచీ మళ్ళీ మొదలైంది" అంది పిన్ని. "అందుకే కుట్టుపనంతా రాత్రికి పెట్టుకున్నా."

ఏడేళ్ళు! ఆ దెయ్యం ఎవరో మీకు తెలిసే ఉంటుంది. దెయ్యమంటే తప్పుకుని పోవచ్చు. పిల్ల అంటే మాత్రం వెళ్ళి పెద్దమనిషి తలుపు కొట్టాలి.

సరే... మరి ఈ నాలుగు నెలలుగా కొడుతున్నదెవరు?

లోపల కరెంటు లేదు. టార్చీ వెలుగులో దుమ్ము. గోడకి మేకు. మేకుకి ఇంకా ఆ బెల్టు.

మెట్ల కింద నడుమెత్తు తలుపు. బయట గడియ. నాలుగు మరలు. మూడు తేలిగ్గానే వచ్చాయి. నాలుగోది తుప్పుపట్టి కదల్లేదు. కదల్లేదని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిప్పింది. గడియ ఊడి పాదాల దగ్గర పడింది.

తలుపు తీసి, వంగి, లోపలికి వెళ్ళి కూర్చుంది. టార్చీ ఆర్పేసింది.

"ఎందుకార్పావే?" అన్నాన్నేను, ఆమె ఇది చెబుతుంటే మధ్యలో.

"చూద్దామని. ఆ గది నన్నింకా పట్టుకునుందో, లేదో."

చీకట్లో చెయ్యి తనంతట తనే లేచింది. గోడమీద మూడుసార్లు కొట్టింది, చిన్నప్పటిలాగే.



అప్పుడు... గోడలోంచి...

ఠక్... ఠక్... ఠక్.

నాన్నేమో అనుకుంది. కాదు. నాన్న కొడితే ఎప్పుడూ మూడుతో ఆగేవాడు కాదు. మరి తను వదిలేసి పోయిన ఆ పిల్లేనా... ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉందా?

ఈసారి రెండుసార్లు కొట్టింది. రెండే తిరిగొచ్చాయి.

గోడకి చెవి ఆనించింది. అటునుంచి, సున్నానికి పెదాలు తాకేంత దగ్గరగా, చిన్న గొంతు గుసగుసలాడింది —

"నువ్వు దెయ్యానివా?"

జంట ఇళ్ళు. అటుపక్కా ఇవే మెట్లు. మెట్ల కింద ఇదే గది.

"కాదమ్మా. నేనూ చిన్నప్పుడు ఇలాంటి గదిలోనే ఉండేదాన్ని."

అటు గోళ్ళతో గోడ గీకిన చప్పుడు. తర్వాత —

"మరి నీకు గడియ ఎవరు తీశారు?"

"ఇప్పుడే... నేనే తీసుకున్నాను. భయపడకు. వస్తున్నా."

"మా నాన్నకి చెప్పకు..."

ఆమె సంచీ అందుకుని వీధిలోకి పరిగెత్తింది. ఎదురింటి కిటికీ ఊచలు పట్టుకుంది.

"పిన్నిగారూ, మిషన్ ఆపండి."

"ఎందుకే? ఇంకా బోలెడు పనుంది..."

"ఒక్క నిమిషం. ఆపండి."

మిషన్ ఆగింది. ఎన్ని నెలలకో ఆ వీధి నిశ్శబ్దమైంది.

ఠక్... ఠక్... ఠక్.

ఎడమవైపు నుంచి కాదు. కుడివైపు ఇంటి గాలికంతలోంచి.

పిన్ని చూపు ఆ ఇంటి మీదికి పోయింది. తిరిగొచ్చి ఊచలమీద, ఎప్పుడో చూసిన ఆ వంకర వేలు మీద ఆగింది.

"నువ్వు... ఆ పిల్లవా?"

"ఊఁ."

"అయితే ఇది... దెయ్యం కాదా?"

"అప్పుడూ కాదు పిన్నిగారూ."

పిన్ని చేతిలోంచి గుడ్డ జారిపోయింది.

"పోలీసులకి ఫోన్ చెయ్యండి. ఖాళీ ఇల్లని చెప్పకండి. కాపురమున్న ఇల్లని చెప్పండి."

తాళాలక్క వెళ్ళి కుడివైపు ఇంటి తలుపు కొట్టింది. మూడుసార్లు.

లోపల టీవీ శబ్దం పెరిగింది.

వెనక చెప్పుల చప్పుడు. పిన్ని వచ్చి పక్కన నిలబడింది. ఒక చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుంది, ఇంకో చేతిలో పెద్ద కత్తెర.

తాళాలక్క సంచీ విప్పింది.