వంకర లిల్లీలు

టంకశాల దూత ముట్టడిలో ఉన్న కోట గుమ్మంలోనే వెన్నులో బాణం దిగి చనిపోయాడు. కోడ్‌వర్డ్ చెప్పే వ్యవధి కూడా లేకపోయింది. కంచరగాడిద మాత్రం జీతాల పెట్టెతో లోపలికి వచ్చేసింది.

గంట తర్వాత రెండో పెట్టె వచ్చింది. టంకశాల నుంచే వచ్చానంటూ తెచ్చింది ఓడెట్. నక్కబొచ్చు అంచు గౌను, అదరని కళ్ళు. కోడ్‌వర్డ్ తడుముకోకుండా చెప్పింది.

"ఆ మొదటిది బయట ముట్టడించిన ఇంగ్లీషువాళ్ళది, కెప్టెన్ గారూ. ముట్టుకోకండి."

యాత్రికుడి వేషంలో కోట చేరిన రాజుగారి ఏజెంట్ జెర్వేని కెప్టెన్ తిబో పక్కకి లాగాడు.

"రెండిట్లో ఒక పెట్టెలోవి దొంగ నాణేలు. మూడు నెలలుగా జీతాల్లేవు. మధ్యాహ్నం గంట మోగేసరికి పంచకపోతే మన సిపాయిలే శత్రువుకి గేటు తీస్తారు. దొంగవి పంచినా తీస్తారు. తేల్చు."

కింద వీధిలో జెర్వే కూతురు పెరినెల్ గాయపడ్డవాళ్ళకి కట్లు కడుతోంది. గేటు తెరుచుకుంటే ఆ వీధి మిగలదు.

జెర్వే చేతికర్ర పిడి విప్పాడు. లోపల భూతద్దం. నాణెం మీద రాజుగారి చిహ్నం మూడు లిల్లీ పూలు, చుట్టూ అక్షరాలు. పదమూడో అక్షరం కింద చిన్న చుక్క, టంకశాల రహస్య గుర్తు. మొదటి పెట్టెలో ఉంది. రెండోదాంట్లోనూ ఉంది!

"చుక్క సంగతీ తెలిసిపోయింది వాళ్ళకి," అన్నాడు జెర్వే.

"ఆ మొదటివి చూడవయ్యా, ఎంత వంకరో! ఈవిడవి ముచ్చటగా ఉన్నాయి. ఇవే పంచేస్తా," అన్నాడు తిబో.

గంట కొట్టేవాడు మెట్లెక్కుతున్నాడు. వంటావిడ అడక్కుండానే వేడి సూప్ గిన్నె జెర్వే పక్కన పెట్టి వెళ్ళింది. ఒక్క గుక్క తాగాడు.

ఓడెట్ నాణేలు పది, లిల్లీలు నిటారుగా ఉండేలా పేర్చాడు. ఒక్కొక్కటే పుస్తకం పేజీలా తిప్పాడు. వెనక శిలువ, దానిపై చిన్న కిరీటం. పది కిరీటాలూ నిటారుగానే ఉన్నాయి. మొదటి పెట్టెవీ అలాగే తిప్పాడు. ఒక కిరీటం పక్కకి, ఒకటి కిందికి, ఒకటి ఏటవాలుగా.

పైన గంట తాడు కిర్రుమంది.

"మొదటిదే పంచండి!" అని అరిచాడు జెర్వే. "టంకశాలలో పన్నెండేళ్ళు సుత్తి కొట్టానండీ. నాణెం కొట్టేటప్పుడు పై అచ్చు చేత్తో పట్టుకుంటాం, దెబ్బదెబ్బకీ తిరిగిపోతుంది. ఈవిడవి కొట్టినవి కావు, ఒకే మూసలో పోసినవి, అందుకే అన్నీ ఒక్కలా ఉన్నాయి!"

ఓడెట్ చెయ్యి బాకు మీదికి వెళ్ళేలోగా తిబో పట్టేసుకున్నాడు. గంట మోగింది. సిపాయిలు జీతానికి వరస కట్టారు. గేటు మూసే ఉంది.

బంధించిన ఓడెట్ మణికట్టుని తాడు కోసేస్తుంటే జెర్వే కాస్త వదులు చేశాడు.

"మీ టంకశాలలో ఒక్కడికీ తిన్నగా కొట్టడం రాదా?" కసిగా అంది.

"మా మేస్త్రీ కూడా రోజూ ఇదే తిట్టేవాడమ్మా."