మంచినీళ్ళ వాసన

1983లో మేం కాలిఫోర్నియా ఎడారిలో, సాల్టన్ సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళం. సముద్రమన్నది పేరుకే. ఎప్పుడో కాలవ గట్టు తెగి నది నీళ్ళు పల్లానికి చేరితే ఏర్పడ్డ సరస్సు. పొలాల మురుగు దిగి, ఎండకి మరిగి, అసలు సముద్రం కంటే ఉప్పగా తయారైంది. అందులో చేపలు లెక్కపెట్టడం నా ఉద్యోగం. బతికున్నవి వారానికోసారి, చచ్చినవి రోజూ. వాల్తేరులో చేపల మీద పీహెచ్‌డీ చేసిన ఈ నరసింహానికి దక్కిన గౌరవం అది!

మా ఇంటి వెనక కొండ మీద అడ్డంగా ఒక తెల్లని గీత ఉండేది. మూడు, నాలుగు వందల ఏళ్ళ కిందట ఇక్కడే ఇంకా పెద్ద సరస్సు ఉండేదట. అది నది నీళ్ళతో నిండిన మంచినీళ్ళ సరస్సు. ఆ గీత దాని అంచు. అంటే మా ఇంటి కప్పు మీద నూట యాభై అడుగుల లోతు నీళ్ళు నిలిచిన చోట మేం కాపురం పెట్టామన్నమాట. ఈ సంగతి చెబితే నా భార్య హైమ నవ్వేది.

గీత కింద ఆ కాలం మనుషులు పేర్చిన రాళ్ళున్నాయి. చేపల మావులు. నీళ్ళతోపాటు లోపలికొచ్చిన చేప, నీళ్ళు వెనక్కి తగ్గితే ఆ రాళ్ళ మధ్య చిక్కుకుపోతుంది. నీళ్ళు ఏటేటా తగ్గేకొద్దీ కిందకి ఒక్కో వరస కట్టుకుంటూ వచ్చారు. మార్గరెట్ అనే పురావస్తు పరిశోధకురాలు ఆ వేసవిలో వాటిని కొలుస్తుంటే, ఎముకలు చూసి ఏ చేపవో చెప్పడానికి నన్ను పిలిచింది. మొదటిరోజే గట్టిగా చెప్పింది, ఒక్క రాయి కూడా కదపొద్దని.

నేను కదిపాను.

మూడో వరస పక్కన నూరుడు రాయి ఒకటి కనబడింది. నడిమి గుంట చేతులు అరిగేలా నూరి నూరి నున్నబడింది. పక్కనే పొత్రం. హైమ ఇండియా నుంచి మోసుకొచ్చిన మిక్సీ ఇక్కడి కరెంటుకి సరిగా తిరగక మూలపడి ఏడాదైంది. బ్లెండర్‌లో చేసిన పచ్చడి పచ్చడే కాదని రోజూ గొణిగేది. రెండూ ట్రక్కులో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఆ రాళ్ళు పేర్చినవాళ్ళ వారసులు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్ళనొక మాట అడగాలని నాకు తోచనే లేదు. ఎవరూ వాడని రోలు కదా అనుకున్నాను. సిగ్గులేని మాట, కానీ అదే అనుకున్నాను.

హైమ మొహం వెలిగిపోయింది. ఆ రాత్రే కొత్తిమీర పచ్చడి నూరింది, ఇద్దరికి సరిపడా. ఇంగువ ఎప్పటిలాగే ఎక్కువ. "ఇంగువలో కొత్తిమీర వేశావా?" అని ఆటపట్టించాను.

నాలుగోరోజు సాయంత్రం అంది. "ఏమండీ, ఇది నూరుతుంటే ఇల్లంతా నీళ్ళ వాసన వస్తోంది."

"చచ్చిన చేపల కంపు. కిటికీ మూసెయ్."

"ఆ కంపు నాకు తెలీదా? ఇది మంచినీళ్ళ వాసన. గోదారి వాసన." పొత్రం పక్కకి తోసి, "ఆ రాయి అక్కడ పెట్టేసి రండి. నాకు భయంగా ఉంది" అంది.

శనివారం పెడతానన్నాను. అప్పటికే మార్గరెట్ తన కాగితాల్లో రాసుకున్న నలభై ఒకటో నంబరు రాయి కనిపించడం లేదని నన్నడిగింది. చూడలేదని అబద్ధమాడాను. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, గ్రీన్‌కార్డు ఆగిపోతుంది. ఆవిడ శుక్రవారం వెళ్ళిపోతుంది కదా, ఆ తరవాత దొంగచాటుగా పెట్టేయొచ్చని నా లెక్క.

గురువారం సాయంత్రం ఇసుకగాలి లేచింది. నేను ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. కొండ నీడ ఇంటి మీద పడి లోపలంతా చీకటి. గుమ్మంలో ఉండగానే వినబడింది, రాయి మీద రాయి... గరగరా, నెమ్మదిగా.

"హైమా?"

నూరడం ఆగలేదు.

తలుపు తీశాను. చల్లటి గాలి మొహానికి కొట్టింది. పాచి, బురద, తడిసిన రెల్లు... నూటపది డిగ్రీల ఎండకి కాలిన ఇంట్లో ఏటిగట్టు వాసన.

వంటింటి మధ్యలో హైమ నిలబడి ఉంది. రెండు చేతులతో చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకుంది. రోలు దగ్గర ఎవరూ లేరు. అయినా చప్పుడు వస్తూనే ఉంది...

"అడుగు జాగ్రత్తండీ," గుసగుసగా అంది. "మోకాళ్ళ దాకా వచ్చాయి."

వంగి నేల తడిమాను. పొడి. ఇసుక.

"ఏమీ లేదు హైమా. నేలంతా పొడిగా ఉంది."

"నడుం దాకా వచ్చాయి... నన్ను ఎత్తుకోండి."

ఎత్తుకోవాల్సింది. ఆరేళ్ళుగా ఆ ఒక్కటే అనుకుంటున్నాను. నేను సైంటిస్టుని కదా! "కంగారుపడకు, టార్చ్ తెస్తా" అని ట్రక్కు దగ్గరికి పరిగెత్తాను. ఇరవై అడుగులు పోను, ఇరవై అడుగులు రాను. అంతే.

వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది.

హైమ నేల మీద పడి ఉంది. చీర పొడి. జుట్టు పొడి. తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటే నోట్లోంచి నీళ్ళు కారాయి. కారుతూనే ఉన్నాయి... నా చెయ్యి తడిసింది. పిచ్చివాడిలా నాలుకకి తగిలించుకున్నాను.

తియ్యటి నీళ్ళు.

ఊపిరితిత్తుల నిండా నీళ్ళున్నాయని డాక్టరు రాశాడు. ఉప్పు లేదు, క్లోరిన్ లేదు, నది నీరు అన్నాడు. పోలీసులు రెండు రోజులు నన్ను కూర్చోబెట్టి, తడవని చీరలో మనిషిని ఎలా ముంచగలనో అంతుపట్టక వదిలేశారు. ఉద్యోగానికీ ఏమీ కాలేదు. నెల తిరక్కుండానే గ్రీన్‌కార్డు వచ్చింది.

రాయీ, పొత్రం తీసుకెళ్ళి మూడో వరస పక్కన, మార్గరెట్ నంబరు చీటీ గుచ్చిన చోటే పెట్టాను. తరవాత వేరే ఊరికి మారిపోయినా, ఏటా ఆగస్టులో అక్కడికి పోయి కాసేపు కూర్చుని వస్తాను. అయిదేళ్ళూ ఆ గుంటలో దుమ్ము తప్ప ఏమీ చూడలేదు.

మొన్న, ఆరో ఏడు, పోయాను. మధ్యాహ్నం రెండు. కింద, మైళ్ళ దూరంలో, ఆ ఉప్పు సముద్రం మెరుస్తోంది. కొండ మీద వాన పడి పదకొండు నెలలైందట. దారిలో పెట్రోలు బంకు అతను చెప్పాడు.

నూరుడు రాయి గుంటలో దుమ్ము లేదు. పచ్చగా ఏదో ఉంది. తడిగా. వేలితో తీసి వాసన చూశాను.

కొత్తిమీర. ఇంగువ ఎక్కువ.

ఇద్దరికి సరిపడా ఉంది.